మన ఎండలకు అక్కర్లేని వాల్వు

డ్రైవింగ్ నేర్పేవాడు డ్రైవింగ్ చేయడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. నిజామాబాద్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నేను ఎడమ సీట్లోనే కూర్చున్నాను. అక్కడ స్టీరింగ్ ఉండదు. కాళ్ల దగ్గర ఒక బ్రేకు, ఒక క్లచ్చు అదనంగా బిగించి ఉంటాయి. ముందు అద్దంలోంచి చావు ఎదురొస్తున్నప్పుడు వాటిని తొక్కాలి. మిగతా సమయమంతా "ఎడమకు, ఇంకా ఎడమకు, అన్నం తినే చెయ్యి కాదు, రెండోది" అని చెబుతూ ఉండాలి. జీతం రెండింటికీ కలిపే ఇస్తారు.

మా స్కూలు చిన్నది. ఒక ఓనరు, ఒక కారు, ఒక మాస్టరు. ముగ్గురిలో ఓనరుకు ఎక్కువ గౌరవం కారంటేనే. అది పాత పెట్రోలు కారు. ఎందరో దాన్ని గోడలకు, గేదెలకు, ఒకసారి పోలీసు జీపుకు కూడా తగిలించారు. అయినా రోజూ పొద్దున దానికి అగరుబత్తి వెలిగించేవాడు. నాకు చాయ్ కూడా తెప్పించేవాడు కాదు.

ఒక ఏడు మే నెలలో కారు కాగడం మొదలుపెట్టింది. మా కారు పని మామూలు కారు పని కాదు. ఏసీ వేసుకుని, మొదటి గేరులో, గ్రౌండులో పొద్దుగూకులు గుండ్రంగా తిరగాలి. ఎండ నెత్తిన ఉంటుంది, గాలి తగలదు. ఒకరోజు బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చేసరికి నేర్చుకుంటున్న కుర్రాడు కారు వదిలేసి రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆ కుర్రాడు అంత చురుగ్గా కదలడం నేను చూసింది అప్పుడే.

కారును మా ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లాం. ఉస్తాద్ అంటే మా బజారులో అందరి కార్లూ చూసే పెద్ద మెకానిక్కు. ఆయన ఇంజను పక్కన ఏదో విప్పి, రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దగా, నడుమ స్ప్రింగు ఉన్న ఒక వస్తువును బయటికి తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టి మాకు చూపించాడు.

"దేఖో, గిదే దొంగ. థర్మోస్టాట్ అంటరు. ఇంజను గరం అయ్యేదాంక నీళ్లను రేడియేటర్ దిక్కు పోనియ్యది. మంచు పడే దేశాలల్ల ఇంజను జల్దీ గరం గావాలె, గందుకు పెట్టిండ్రు. మన ఎండలకు గిదెందుకు భయ్? పుట్టంగనే ఇంజను గరమే ఉంటది ఈడ."

ఆ వాదనలో నాకు లోపం కనపడలేదు. మా జిల్లాలో ఎవరికీ కనపడలేదు. అటు బోధన్ నుంచి ఇటు ఆర్మూర్ దాకా మెకానిక్కులు ఆ వాల్వును చెవిలో గులిమి తీసినట్టు తీసి పారేసేవాళ్లు. ఉస్తాద్ కూడా దాన్ని విసిరేసి, ఖాళీ గూటికి మళ్లీ మూత బిగించాడు.

ఆ రోజు నుంచి మా కారు మీటర్లో వేడి చూపే ముల్లు అడుగున పడుకుంది, లేవలేదు. ఎండాకాలమంతా ఓనరు వచ్చినవాళ్లకల్లా ఆ ముల్లు చూపించాడు. "ఏసీ ఏసినా లేస్తలేదు సూడు! గిసోంటి సల్లటి కారు జిల్లాల ఉన్నదా?" అనేవాడు. ఏ కంపెనీవాడూ చేయలేని పని తాను చేయించానని ఆయనకు గట్టి నమ్మకం.

తర్వాత చలికాలం వచ్చింది. మావాళ్లు టెస్టుల్లో ఫెయిలవడం మొదలైంది.

అంతకుముందు మా స్కూల్లో ఎవరూ ఫెయిల్ కాలేదని కాదు. ఫెయిలైనవాళ్లు ఎందుకు ఫెయిలయ్యారో చూస్తేనే తెలిసేది. ఈసారి గ్రౌండులో చక్కగా నడిపినవాళ్లు టెస్టు ట్రాకు మీద కట్టెలు పడగొట్టి వచ్చేవాళ్లు. హెచ్ ఆకారంలో కట్టెలు పాతి ఉంటాయి. వాటి మధ్య నుంచి కారును వెనక్కి తీయాలి. కట్టెకు తగిలితే ఫెయిల్. పొద్దున్నే చలికి చేతులు వణుకుతున్నాయని ఓనరు అన్నాడు. సెల్‌ఫోన్లు ఎక్కువై జనానికి నిదానం పోయిందని నేనన్నాను. ఇద్దరి మాటా బాగానే ఉండేసరికి ఇంకెవరూ కారణం వెతకలేదు.

అప్పుడు వచ్చింది ఆమె. బోధన్ దాటాక ఒక ఊరు. నలభైకి కొంచెం ఇటుగా వయసు. పొద్దున మొదటి బస్సెక్కి వచ్చేది.

"సారు, నాకు కారు సోకు లేదు. ట్రాలీ నడపాలె. లైసెన్సు గావాలె" అంది మొదటి రోజే.

సంగతేమిటంటే, ఆమె ఊరి మహిళా సంఘంలో మరికొందరితో కలిసి చెరుకు నారు పెంచుతుంది. చెరుకును గడలు నరికి పాతడం ఇప్పుడు తగ్గింది. ఒక్కొక్క కన్నును ప్లాస్టిక్ ట్రేలో మొలకెత్తించి, పచ్చ నెట్టు కింద పెంచి రైతు పొలానికి చేరుస్తారు. వయసు మీరితే వేళ్లు ట్రేలోనే చుట్టుకుపోతాయి, ఆ నారు రైతు ముట్టుకోడు. కానీ సరిగ్గా నారు తయారయ్యే కాలంలోనే బండ్లన్నీ ఫ్యాక్టరీలకు చెరుకు మోస్తుంటాయి. నారు మోయడానికి రమ్మంటే ఏ డ్రైవరూ పలకడు. కిందటి ఏడు ఒక విడత నారు మొత్తం నెట్టు కిందే ముదిరిపోయిందట.

ఇప్పుడు వాళ్ల సంఘానికి నారు మోసుకోవడానికి ఒక చిన్న ట్రాలీ బండి మంజూరైంది. షరతు ఒక్కటే. సంఘంలో మనిషే నడపాలి, నెలాఖరులోగా లైసెన్సు చూపాలి. లేదంటే బండి వరసలో ఉన్న వేరే ఊరి సంఘానికి పోతుంది. నేర్చుకోవడానికి ఎవరు ముందుకొస్తారని అడిగితే ఈమె చెయ్యెత్తిందట. మిగతావాళ్లు ఆ చేతిని అలాగే పట్టుకుని దించనివ్వలేదట.

ఆమె బాగా నేర్చుకుంది. పొగడడం మా వృత్తిలో మంచిది కాదు కాబట్టి ఆమెకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. యాక్సిలరేటరు ముట్టకుండా ఒక్క హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్చు సగం మాత్రమే వదిలి, కారును చీమలా వెనక్కి నడిపేది. గ్రౌండులో మేం పాతిన కట్టె ఒక్కటి కూడా కదల్లేదు. మొదటి టెస్టుకు ధీమాగా పంపాను. హెచ్‌లోకి వెనక్కి వస్తూ మొదటి మలుపులోనే కట్టెను పడుకోబెట్టింది.

దిగి నా దగ్గరకొచ్చి, "సారు, కారు ఉరికింది" అంది.

"కారు ఉరకది చెల్లె. కాలు ఉరికిస్తది" అన్నాను.

వారం ఆగితే గానీ మళ్లీ టెస్టుకు రానివ్వరు. వారం రోజులూ హెచ్ మీద హెచ్ తిప్పించాను. రెండోసారీ అదే కట్టె, అదే మలుపు. మళ్లీ కారు ఉరికిందనే అంది. ఈసారి నాకు ఒళ్లు మండింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారట అని సామెత విసిరాను. ఆ సామెత చెప్పిన పెద్దమనిషి ఒకసారి మద్దెల కూడా చూసి చెప్పి ఉంటే బాగుండేది.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. కారెక్కి స్టీరింగ్ ముందు కూర్చుని ఆలోచించసాగింది. నేను నా సీట్లో కూర్చున్నాను. ఇంజను కూడా వేయలేదు.

"సారు, నువ్వు పక్కన ఉంటే కారు ఉరకది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారు పక్కన ఉంటేనే ఉరుకుతది."

"గురువు పక్కన ఉంటే ధైర్యం అట్లనే ఉంటది" అన్నాను. నాకది పొగడ్తలాగే వినిపించింది మరి.

"ధైర్యం గాదు సారు. నువ్వేమన్న జేస్తున్నవా?"

"నేనేం జేస్త? కాళ్లు పెట్టుకొని కూసుంట."

ఆమె వంగి చూసింది. "గా కాలు యాడున్నది సారు?"

నేనూ చూశాను. నా కుడికాలు బ్రేకు మీద ఉంది. ఇంజను ఆగిపోయి, హ్యాండ్ బ్రేకు వేసి, గోడ పక్కన నిలబెట్టిన కారులో నేను బ్రేకు తొక్కుకుని కూర్చున్నాను.

దీన్ని తప్పంటే నేను ఒప్పుకోను. దర్జీ నోట్లో గుండుసూదులు ఉన్నట్టు మా కాలు బ్రేకు మీద ఉంటుంది. అన్నం తింటున్నప్పుడు కూడా నేను బల్ల కింద కాలు నొక్కుతానని మా ఇంట్లోవాళ్లు అంటారు. ఆ కాలు వల్లే నేను ఇన్నేళ్లు బతికున్నాను. కానీ ఒక సంగతి మాత్రం నిజం. నేర్చుకునేవాళ్లు హాఫ్ క్లచ్ మీద వెనక్కి వస్తున్నంతసేపూ నా కాలు నాకే తెలియకుండా కొంచెం బ్రేకు పట్టి ఉంచేది. టెస్టులో మా సీట్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారు కూర్చుంటారు. పొరపాటున పెడలు తగిలితే సాయం చేశారంటారని ఆయన రెండు కాళ్లూ వెనక్కి లాక్కుని ఉంటారు. అంటే ఆ కారు అసలు నడక ఎలా ఉంటుందో మావాళ్లు మొదటిసారి చూసేది టెస్టులోనే.

"రేపు పొద్దుగాల నువ్వు నడుపు సారు. నేను పక్కన కూసుంట, కాళ్లు మీదికి వెట్టుకొని" అంది ఆమె.

మర్నాడు చలిలో, మంచు ఇంకా గ్రౌండు మీద ఉండగానే, నేను కుడి సీట్లో కూర్చున్నాను. ఆ వైపు నుంచి మా గ్రౌండు వేరే ఊరిలా కనిపించింది. ఆమె ఎడమ సీట్లో కాళ్లు ముడిచి బాసింపట్టు వేసుకుంది. రివర్సు గేరు వేసి, యాక్సిలరేటరు ముట్టకుండా, అందరికీ నేర్పినట్టే క్లచ్చు మెల్లగా వదిలాను. కారు తాడు తెంపుకున్న కోడెలా వెనక్కి దూకింది. నేను బ్రేకు తొక్కేలోపల కట్టె పడిపోయింది.

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దిగి వెళ్లి కట్టె లేపి, మట్టి తొక్కి, వచ్చి కూర్చుంది.

"ఏం బాధపడకు సారు. వారం ఆగి మళ్ల స్లాట్ బుక్ జేస్కో" అంది.

ఆ మాట ఆమెతో నేను రెండుసార్లు అన్నదే.

ఆ రోజే కారును కంపెనీ షోరూము సర్వీసుకు తీసుకెళ్లాను. అక్కడ మెడలో కార్డు, చేతిలో పలక లాంటి కంప్యూటర్ ఉన్న కుర్రాడొకడు స్టీరింగ్ కింద ఎక్కడో తీగ గుచ్చి చూశాడు.

"సార్, ఇంజిన్ వేడెక్కడం లేదు."

"మంచిదే గదా?"

"మంచిది కాదు సార్. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తోంది, రేసు పెంచుతోంది. అందుకే క్లచ్ వదలగానే దూకుతోంది. ఎండాకాలం అయితే ముల్లు లేవకపోయినా ఇంజిన్ కొంతైనా వేడెక్కుతుంది, ఈ చలికి అదీ ఎక్కదు. దీంట్లో థర్మోస్టాట్ లేదు సార్. ఎవరు తీశారు?"

"మా జిల్లా" అన్నాను.

అతను అది రాసుకోలేదు. వాల్వు ఒక్కటి పెట్టడం కుదరదని, దాని గూడు, పైపులు, సెన్సారు మొత్తం సెట్టుగా మార్చాలని, సెట్టు హైదరాబాద్ నుంచి రావాలని, అప్పటిదాకా కారు అక్కడే ఉండాలని చెప్పాడు. ఎప్పటికి ఇస్తారంటే, ఆమె మూడో టెస్టు దాటాకే. ఆ మూడో టెస్టు దాటితే ఇక నెలాఖరులోపు స్లాటు లేదు. ఎస్టిమేటు వినగానే ఓనరు ఫోన్ పెట్టేశాడు. కాసేపాగి తానే చేసి, "కారు తోలుకొనిరా. దానికేం రోగం లేదు" అన్నాడు.

వేరే స్కూలు కారులో టెస్టు ఇప్పిద్దామంటే, పక్క స్కూలువాళ్లు మా మనిషికి తమ కారిస్తారా? ఇచ్చినా, ముట్టని కారులో ఆమె హెచ్ ఎలా తిప్పుతుంది? ఈ ఆలోచనల్లోనే నాలుగు రోజులు పోయాక ఉస్తాద్ దగ్గరకే పోయాను. నేను చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నాడు.

"కంపెనీ పోరడు చెప్పింది సచ్ అయితదో ఏమో. నేను కాదంట లేను. గని ఈ చేతుల్తోని జిల్లా మొత్తం తీసిన భయ్. గిప్పుడు గివే చేతుల్తోని పెడ్తే బజార్ల నా ఇజ్జత్ ఏముంటది? రేపటి సంది ఒక్కొక్కడు 'నాది గూడ పెట్టు' అనుకుంట లైన్ గడ్తరు."

"మరేం జేయాలె ఉస్తాద్?"

"పానాలు తీస్కపో. మీరే పెట్టుకోండ్రి. నేను సూడలే, నాకెర్కలే."

అని పానాల సంచీ బల్ల మీద పెట్టి, చాయ్‌కి వెళ్లిపోయాడు. సంచీలో బోల్టుకు సరిపోయే పానా, పాత ప్యాకింగు గీకే బ్లేడు పైనే ఉన్నాయి. అవి ఎప్పుడూ సంచీ అడుగున ఉండేవి.

స్పేరు పార్టుల దుకాణంలో థర్మోస్టాట్ అడిగితే కౌంటరు మీద మనిషి నన్ను అనుమానంగా చూశాడు. "తీసింది అమ్మనీకి వచ్చినవా, కొననీకి వచ్చినవా?" అన్నాడు. కొనడానికే అంటే లోపలికెళ్లి చాలాసేపు వెతికి, దుమ్ము ఊదుకుంటూ ఒక డబ్బా తెచ్చాడు. అంత పాత సరుకు పనిచేస్తుందా అనడిగితే, వేడి నీళ్లలో వేసి చూడమన్నాడు. మరిగే నీళ్లలో నోరు తెరిస్తే మంచిది, తెరవకపోతే వాపసు తెమ్మన్నాడు.

మా గ్రౌండు పక్కన చాయ్ బండి పెట్టుకున్న అవ్వ ఉండేది. ఆమె నీళ్ల గిన్నెలో దాన్ని తాడు కట్టి దించాను.

"ఏమేస్తున్నవురా అండ్ల?"

"కారుది అవ్వా. జర మరగనియ్యి."

"నీ కారు పాడుగాను! నా గిన్నెల నీ కారును ఉడకవెడ్తవురా? గిరాకీ సూస్తున్నరు!"

గిరాకీ నిజంగానే చూస్తున్నారు. నలుగురు చుట్టూ మూగారు. నీళ్లు తెర్లుతుండగా వాల్వు మెల్లగా నోరు తెరిచింది. తీసి చల్లటి నీళ్లలో వేస్తే మూసుకుంది. గుంపులో ఒకాయన చప్పట్లు కొట్టాడు. గిన్నె తోమి ఇస్తానంటే అవ్వ ఇవ్వలేదు, తానే మూడుసార్లు తోముకుంది. ఆ రోజు నాకు చాయ్ పోయలేదు.

మర్నాడు పొద్దున స్కూలు ముందు కారు బానెట్ ఎత్తాం. ఇక్కడ పిల్లలకు ఒక మాట. వేడి ఇంజను మీద రేడియేటర్ మూత ఎన్నడూ తీయకండి, మొహం కాలిపోతుంది. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. మాకు ఆగే పని లేకపోయింది. మా ఇంజను మే నెల నుంచీ చల్లగానే ఉంది.

నా ఫోనులో ఒక వీడియో పెట్టుకున్నాను. ఒక తెల్లాయన శుభ్రమైన చేతులతో ఆ పనే చేస్తున్నాడు. ఆయన గ్యారేజీ బయట మంచు కురుస్తోంది. ఉస్తాద్ చెప్పినదాంట్లో సగం నిజమే అనిపించింది. నాకు ఇంజను గురించి తెలిసింది తక్కువ. బానెట్ కింద చేయి పెట్టొద్దు, మెకానిక్కును పిలవండి అని ఇన్నేళ్లూ నేర్పినవాణ్ని నేనే. ఆమె మాత్రం కొంగు బిగించి లోపలికి వంగి చూసింది.

"గిది మా డ్రిప్పు పైపు క్లిప్పే గదా సారు" అని పైపు క్లిప్పు వదులు చేసింది. నర్సరీలో నీళ్ల పైపులు విప్పి బిగించే పని ఆమెదే. కింద తొట్టి పెట్టి, ఇంజనును చల్లార్చే పాత కూలెంటు నీళ్లు దింపాం. గూటి బోల్టుల్లో ఒకటి వచ్చింది. రెండోది రానని మొండికేసింది. నేను దాన్ని తిట్టాను, ఆమె దానికి నూనె పోసి కూర్చుంది. తిట్టుకు రాలేదు, నూనెకు వచ్చింది. మూత తీస్తే గూడు ఖాళీ. పాత ప్యాకింగును బ్లేడుతో గీకి, కొత్త వాల్వును నేనే పెద్దరికంగా అందులో కూర్చోబెట్టాను.

"సారు, గాయిన స్ప్రింగు లోపలికి పెట్టిండు. నువ్వు బయటికి పెట్టినవు."

"వీడియోల కుడి ఎడమైతది చెల్లె."

"కుడి ఎడమైతే అయితది గని, లోపల బయట యాడ అయితది?"

ఆలోచిస్తే అదీ నిజమే. తిప్పి పెట్టాను. కొత్త ప్యాకింగు వేసి, బోల్టులు బిగించి, కూలెంటు నింపి ఇంజను వేశాం. అప్పటికి ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు. ముల్లు లేచింది. మే నెల తర్వాత మొదటిసారి లేచింది. సగానికి వచ్చింది, సగం దాటింది, ఎర్రగీత వైపు పోతూనే ఉంది.

"ఆపుండ్రి! నా కారు కాలవెడ్తున్నరు!" అని ఓనరు అరిచాడు.

ఇంజను ఆపేశాను. ఆమె టెస్టు మర్నాడే. కారు అసలు కదలకపోతే ఆమె ట్రాలీ పోయినట్టే. ఏదో నడుస్తున్న కారును నేను పూర్తిగా పాడుచేశానని నిజంగా భయపడ్డాను. వాల్వు తీసి పారేద్దాం, ఉస్తాదే రైటు అన్నాను. ఆమె అప్పటికే మళ్లీ బానెట్ కిందికి వంగింది. రేడియేటర్‌కు పోయే పైపు మీద వేలితో తట్టి చూసి, తర్వాత గుప్పిటతో పట్టుకుంది.

"ఇంజను కాలుతున్నది, పైపు సల్లగున్నది సారు. లోపల గాలి వట్టింది. డ్రిప్పుల గూడ గిట్లనే అయితది. మోటరు నడుస్తది, నీళ్లు పోవు."

ఇంజను చల్లారేదాకా ఈసారి నిజంగానే ఆగాల్సి వచ్చింది. స్కూలు గేటు దగ్గర ఎత్తు మీదికి కారును నెట్టి, ముందు భాగం పైకి ఉండేలా నిలబెట్టాం. మూత తీసి పైపును ఆమె పాలు పితికినట్టు నొక్కుతుంటే లోపలి నుంచి బుడగలు వచ్చాయి. బుడగ వచ్చినప్పుడల్లా కూలెంటు పోశాను. బుడగలు ఆగిపోయాక మూత బిగించి మళ్లీ ఇంజను వేశాం. ముల్లు లేచి నడిమికి వచ్చింది. అక్కడ ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. అప్పటిదాకా గట్టిగా కొట్టుకుంటున్న ఇంజను చప్పుడు మెల్లగా తగ్గి, పడుకున్న పిల్లి గురకలా సన్నగా వినిపించింది.

ఓనరుకు మాత్రం సంతోషం లేదు. "సగం దాంక లేసిందేంది? సగం గాలినట్టేనా?" అన్నాడు. సగం ఉండడమే ఆరోగ్యమని ఎంత చెప్పినా, తన కారు పూర్వం ఇంతకన్నా చల్లగా ఉండేదనే ఆయన బాధ.

సాయంత్రం దాకా ఆమె చేత హెచ్ తిప్పించాను. నేను ఎడమ సీట్లో రెండు కాళ్లూ పైకి పెట్టుకుని కూర్చున్నాను. ఆ వయసులో బాసింపట్టు సులువు కాదు. కట్టె ఒక్కటి కూడా పడలేదు.

టెస్టు రోజు పొద్దున కారును ఊరి బయట ఒక చుట్టు తిప్పి, ముల్లు నడిమికి వచ్చాకే ట్రాకు దగ్గరికి తెచ్చాం. స్కూళ్లవాళ్లు తాడు దాటి లోపలికి రాకూడదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారు నా సీట్లో కూర్చుని కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ఆమె రివర్సు వేసింది. కారు చీమలా కదిలింది. తాడు ఇవతల నేను నేలను తొక్కుతున్నాను. పక్కన చూస్తే మిగతా స్కూళ్ల మాస్టర్లు కూడా నేలనే తొక్కుతున్నారు. మొదటి మలుపులో కట్టె దగ్గరకొచ్చి ఆమె కారు ఆపింది. నా గుండె కూడా కాసేపు ఆపింది. అద్దంలో చూసుకుని, స్టీరింగ్ కొంచెం తిప్పి, మళ్లీ క్లచ్చు వదిలింది. కట్టె నిలబడే ఉంది. అన్ని కట్టెలూ నిలబడే ఉన్నాయి.

సారు దిగి ఏదో రాసుకుని, "నెక్స్ట్" అన్నారు. అది ఆయన పాసైనవాళ్లతో అనే మాట. ఫెయిలైనవాళ్లతో చాలాసేపు మాట్లాడతారు.

నాకు ఆ రోజు కలిగిన సంతోషం రిటైరైనప్పుడు శాలువా కప్పితే కూడా కలగలేదు. ఆమె మాత్రం ముందు ఫోన్ తీసి వాళ్ల సంఘానికి చేసింది. "అయ్యింది. ఔ, అయ్యింది. ఏడుపెందుకే, ట్రేలు సదురుండ్రి" అని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారు, నాకంటె ముందుగాల గిదే కార్ల ఫెయిలైనోళ్లు ఉన్నరు గదా?"

"ఉన్నరు."

"ఆళ్లకు చెప్పినవా?"

"ఏమని?"

"తప్పు ఆళ్లది గాదని."

మెల్లగా చెబుతానన్నాను. ఓనరు పక్కనుంచి, "మన కారు ఖరాబని మనమే ఫోన్లు జేసి చెప్పుడా?" అన్నాడు. ఆమె ఆయన వైపు చూడను కూడా లేదు.

"గిప్పుడే చెయ్యి సారు. నా బస్సుకు ఇంక టైమున్నది" అని నా ముందే నిలబడింది.

చేశాను. మొదట బట్టల దుకాణం కుర్రాడికి. అతను వేరే స్కూల్లో పాసై కూడా చాలా రోజులైందట. "గట్లనా అన్నా, సరె" అని గిరాకీలో పడ్డాడు. తర్వాత ముప్కాల్ దగ్గర బడిలో పాఠాలు చెప్పే పంతులుగారికి. ఆయన అంతా విని, "నా వల్ల కాదనుకొని కారు అమ్మేసిన గదనయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఫోన్ తొందరగా పెట్టేసేవాణ్ని.

చివరగా ధర్పల్లి వైపు ఒకామెకు చేశాను. ఆమె నేర్చుకుంటున్నన్ని రోజులూ భర్త గ్రౌండు గోడ పక్కన బైకు మీద కూర్చుని చూసేవాడు. ఫెయిలైన రోజు నవ్వుకుంటూ బైకెక్కించుకుని పోయాడు. ఆమె మళ్లీ రాలేదు. వాల్వు సంగతి, చలి సంగతి, నా కాలి సంగతి ఒక్కొక్కటిగా చెప్పాను.

"సారు, ఫోన్ మా ఆయనకిస్త. గీ మాట ఆయనకు చెప్పుండ్రి."

ఆయన వచ్చాడు. ఆ రోజు కట్టె పడింది మీ ఇంటామె వల్ల కాదు, మా కారు వల్ల అని చెప్పాను. ఆయన కాసేపు ఊఁ కొట్టి, "సరె సరె" అన్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. ఇంతలో వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"స్పీకర్ల పెట్టుండ్రి. అత్తమ్మ గూడ ఇంటది."

గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను.